జాగ్వార్ కొత్త ప్రకటనపై ఇంత రచ్చ: అమ్మకాలు పడిపోయింది నిజంగా దానివల్లనేనా?

ప్రశ్న
దర్గామిట్ట అధ్యాపకుడు, నెల్లూరు

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఒక కళాశాలలో ఎంబీఏ విద్యార్థులకు మార్కెటింగ్ బోధిస్తాను. వచ్చే నెల తరగతిలో చర్చించడానికి జాగ్వార్ కార్ల కంపెనీ 2024 నవంబరులో విడుదల చేసిన ప్రకటనను ఎంచుకున్నాను. చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. అది 30 సెకన్ల వీడియో. లిఫ్టు తలుపులు తెరుచుకోగానే కళ్లు చెదిరే రంగుల దుస్తుల్లో కొందరు మోడళ్లు గులాబీ రంగు నేల మీదకు నడిచి వస్తారు. ఒకరు కుంచెతో గీతలు గీస్తారు, మరొకరు పెద్ద సుత్తి పట్టుకుని నిలబడతారు. మధ్యమధ్యలో ‘లివ్ వివిడ్’, ‘డిలీట్ ఆర్డినరీ’ (మామూలుదాన్ని చెరిపేయండి), ‘బ్రేక్ మోల్డ్స్’ అనే మాటలు తెర మీద పడతాయి. చివర ‘కాపీ నథింగ్’ అని వచ్చి ముగుస్తుంది. మొదటి నుంచి చివరి దాకా కారు మాత్రం ఒక్కటి కూడా కనబడదు.

నా విద్యార్థులలో దాదాపు అందరూ ఒకే మాట రాసుకొచ్చారు. ఈ ప్రకటన చూసి జనానికి ఒళ్లు మండిందనీ, అందుకే 2025 ఏప్రిల్‌లో ఐరోపా మొత్తంలో జాగ్వార్ కార్లు 49 మాత్రమే అమ్ముడుపోయాయనీ, ఆ అవమానంతోనే కంపెనీ అధిపతిని సాగనంపారనీ వారి వాదన. వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక చిత్రంలో ఈ మూడు విషయాలూ ఒకదాని కింద ఒకటి బాణం గుర్తులతో ఉన్నాయి, పిల్లలు దానిని ఉన్నదున్నట్లు ఎక్కించుకొచ్చారు. 49 అనే అంకె కల్పితమేమీ కాదు, కార్ల తయారీదారుల సంఘం లెక్కల్లోనే ఉంది. అంతకు ముందు ఏడాది అదే నెలలో 1,961 కార్లు రిజిస్టర్ అయ్యాయి. అయినా ఈ బాణం గుర్తుల వరుస నాకు మింగుడు పడడం లేదు. కార్ల వ్యాపారం తెలిసినవారు, ఆ కారు నడిపినవారు, ప్రకటనల రంగంలో పనిచేసినవారు మన జిల్లాల నుంచి ఈ వేదికలో చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. జనం కోపానికీ అమ్మకాలకూ ఉన్న సంబంధం ఎంత? ఆ కోపం అసలు దేని మీద?


సమాధానం 1
ఒంగోలు పాత కార్ల వ్యాపారి

మాస్టారూ, మీ అనుమానం సరైనదే. నేను కొన్నాళ్లు చెన్నైలో ఖరీదైన కార్ల షోరూములో సేల్స్ విభాగంలో పనిచేసి, ఇప్పుడు ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారం చేస్తున్నాను. ఆ 49 అనే అంకెను ప్రకటనకు ముడిపెట్టేవారు ఒక చిన్న ప్రశ్న వేసుకోవడం మరచిపోతున్నారు. అమ్మడానికి షోరూములో కారు ఉందా?

లేదు. 2021 ఫిబ్రవరిలోనే, జాగ్వార్ కార్లు చేసే జాగ్వార్ ల్యాండ్ రోవర్ సంస్థ తన ప్రణాళికను బహిరంగంగా ప్రకటించింది. జాగ్వార్‌ను 2025 నుంచి పూర్తిగా విద్యుత్ కార్ల బ్రాండుగా మారుస్తామనీ, ఇప్పుడున్న ధరల శ్రేణిని వదిలి చాలా పైకి వెళ్తామనీ చెప్పింది. ఆ ప్రకారమే ఎక్స్‌ఈ, ఎక్స్‌ఎఫ్, ఎఫ్-టైప్ మోడళ్ల తయారీని 2024లో ఆపివేశారు. అదే ఏడాది నవంబరులో, అంటే ఈ ప్రకటన వచ్చిన నెలలోనే, బ్రిటన్‌లో కొత్త జాగ్వార్ల అమ్మకం కూడా నిలిపివేశారు. ఐరోపాలో మిగిలింది డీలర్ల దగ్గర ఉండిపోయిన పాత సరుకు. ఆ సరుకు అడుగంటాక నెలకు 49 కాకపోతే 4,900 కార్లు ఎక్కడి నుంచి వస్తాయి? పాత సరుకు ఖాళీ చేసుకుని, కొత్త సరుకు ఇంకా లారీ ఎక్కకముందే బోర్డు మార్చి దీపాలు పెట్టిన బట్టల దుకాణం లాంటిది ఈ వ్యవహారం. ఆ మధ్యకాలంలో గల్లాపెట్టె చూసి బోర్డు బాగాలేదని తీర్పు చెప్పడం కుదరదు.

అసలు చూడవలసిన అంకె వేరే ఉంది. 2018లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1,80,000 జాగ్వార్ కార్లు అమ్ముడయ్యాయి. ప్రకటన రావడానికి ముందే అది ఏటా 70 వేల లోపుకు పడిపోయింది. అంటే ఈ గులాబీ నేల, రంగు దుస్తులు ఎవరి ఊహలోకీ రాకముందే కొనేవారిలో సగానికి పైగా జారిపోయారు. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడీ కంపెనీల కార్లతో అదే ధరలో పోటీ పడుతూ, వాటంత సంఖ్యలో అమ్మలేక, కారుకు మిగలవలసినంత మిగలక జాగ్వార్ ఏళ్ల తరబడి నలిగింది. ఆ పోటీ నుంచి తప్పుకుని, తక్కువ కార్లు చేసి, ఒక్కొక్కటి లక్ష పౌండ్లకు పైగా ధరకు అమ్ముకోవాలన్నది కంపెనీ నిర్ణయం. పాత కొనుగోలుదారుల్లో ఎక్కువమంది తమ వెంట రారని వాళ్లే ముందుగా లెక్క వేసుకున్నారు. కాబట్టి వ్యాధి పాతది, మందు కొత్తది. మందు పనిచేస్తుందా లేదా అన్నది కారు బజారులోకి వచ్చాక తేలుతుంది.

జనం ప్రకటనను తిట్టుకున్నా నష్టమే లేదని మాత్రం నేను అనను. కానీ తిట్లు కొన్నవారివి కావు, కొననివారివి అన్నది నా అనుభవం. షోరూములో ఉన్నప్పుడు గమనించాను, ఏ ప్రకటన మీదైనా గట్టిగా వాదించేవారు ఎక్కువగా ఆ కారు కొనే ఉద్దేశం లేనివారే.


సమాధానం 2
చీమకుర్తి ఎగుమతులు

పై మిత్రుడి చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. తిట్టినవారిలో కొన్నవారు కూడా ఉన్నారు, అందులో నేనొకణ్ణి. మాది చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైటు ఎగుమతి వ్యాపారం. నా దగ్గర మొదటి తరం ఎక్స్‌ఎఫ్ ఉంది, చెన్నైలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. ఆ కారు గురించి తెలియనివారికి ఒక చిన్న సంగతి చెబుతాను. మీట నొక్కి స్టార్ట్ చేయగానే గేరు మార్చే గుండ్రటి బిళ్ల నడిమి పలక లోపలి నుంచి మెల్లగా పైకి లేస్తుంది, మూసుకుని ఉన్న ఏసీ రంధ్రాలు వాటంతట అవే తిరిగి తెరుచుకుంటాయి. కారు ఇంకా అంగుళం కూడా కదలదు, కానీ ఎక్కిన పెద్దమనిషి అప్పటికే నవ్వుతూ ఉంటాడు. క్వారీ చూడడానికి వచ్చిన విదేశీ కొనుగోలుదారులను ఒంగోలు రైల్వే స్టేషను నుంచి తీసుకువచ్చేటప్పుడు ఈ దృశ్యం చాలాసార్లు చూశాను. మా రోడ్ల మీద రాళ్ల లారీల వెనకాల, స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట గీసుకుంటూ ఆ కారు పడే అవస్థ వేరే కథ, దానిని ఇక్కడ పెట్టను.

నాకు కోపం వచ్చింది మోడళ్ల దుస్తులను చూసి కాదు. అవి వారి ఇష్టం. కంపెనీని స్థాపించిన విలియం లయన్స్ 1922లో బ్లాక్‌పూల్‌లో మోటారు సైకిళ్లకు పక్కబండ్లు చేసే చిన్న దుకాణంతో మొదలుపెట్టాడు. 1935లో జాగ్వార్ అనే పేరు మొదటిసారి ఒక కారు మీదకు వచ్చింది. 1948లో ఎక్స్‌కే120, 1961లో ఈ-టైప్ వచ్చాయి. ఆ రెండూ గీత గీతలోనూ అందంగా ఉండి, సాటి కార్ల కంటే వేగంగా పరుగెత్తి, పోటీదారుల కంటే తక్కువ ధరకు దొరికేవి. జాగ్వార్ దేనికీ నకలు కాకూడదని ఆయన అన్న మాటనే ఇప్పుడు ‘కాపీ నథింగ్’ అని నినాదంగా వాడుకుంటున్నారు. ఆయన మాటను తీసుకుని, ఆయన చేసిన ఒక్క కారునైనా చూపించకుండా, కారు ముందు భాగంలో గర్జించే జాగ్వార్ (చిరుతను పోలిన జంతువు) ముఖం ముద్రను తీసేసి, దూకే జంతువు బొమ్మను గీతల మధ్య ఇరికించి, పేరులో చిన్న అక్షరాలనూ పెద్ద అక్షరాలనూ కలగాపులగం చేసి చూపించారు. మమ్మల్ని వదిలేసి వెళ్తున్నారని వ్యాపార లెక్కల్లో తెలియడం ఒక ఎత్తు. ‘డిలీట్ ఆర్డినరీ’ అని మొహం మీద చెప్పించుకోవడం మరొక ఎత్తు. నా కారు ఇంకా కంతులు తీరకుండానే ఆర్డినరీ అయిపోయిందన్నమాట.

నేను ఆ కొత్త కారు కొననన్నది నిజమే, అంత స్థోమత నాకు లేదు. కానీ ఒక ఖరీదైన వస్తువు పేరు నిలబడేది దానిని కొన్నవారి వల్ల మాత్రమే కాదు, కొనలేకపోయినా దాని గురించి పదిమందిలో మంచిగా మాట్లాడేవారి వల్ల కూడా. వాళ్లను కంపెనీ ఏ ఖాతాలో వేసుకుందో నాకు అర్థం కాలేదు.


సమాధానం 3
ముత్తుకూరు రొయ్యల రైతు

మా వైపు ఎవరూ ప్రకటన చూసి కారు కొనరు. చెరువు పట్టుబడికి వచ్చిన ఏడాది కొంటారు, సర్వీసింగు దగ్గరలో ఎక్కడ ఉందో అడిగి కొంటారు. పెద్ద కార్లకు నెల్లూరులో అది లేక చెన్నై పరుగెత్తాలి కాబట్టి చాలామంది ఇన్నోవా దగ్గరే ఆగిపోతారు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలనిపించింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా విదేశీ కార్ల మీద అదనంగా 25 శాతం సుంకం వేసినప్పుడు ఈ కంపెనీ కొన్నాళ్లు అక్కడికి కార్లు పంపడమే ఆపేసింది. అదే ఏడాది ఆగస్టులో మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచేసరికి రొయ్యల ధర ఏమైందో ఇక్కడున్న వారికి చెప్పనక్కర్లేదు. అమ్మకాల పట్టికలో అలాంటి దెబ్బలు కూడా ఉంటాయి మాస్టారూ, పిల్లలకు అది కూడా చెప్పండి.


సమాధానం 4
మాగుంట లేఅవుట్ డిజైనర్

నేను నెల్లూరులో దుకాణాలకూ ఆసుపత్రులకూ బోర్డులు, లోగోలు, కరపత్రాలు రూపొందించే పని చేస్తాను. మాస్టారు అడిగిన రెండో ప్రశ్నను, అంటే కోపం దేని మీద అన్నదానిని, ఎవరూ పూర్తిగా ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ కోపం ఒకటి కాదు. కనీసం మూడు వేర్వేరు గుంపులు మూడు వేర్వేరు కారణాలతో ఒకే వీడియో కింద అరిచాయి, బయటి నుంచి చూసేవారికి అది ఒకే అరుపుగా వినబడింది. మొదటిది, చీమకుర్తి అన్నయ్య చెప్పిన పాత అభిమానుల బాధ. రెండోది, కారు కంపెనీ అయి ఉండి కారు చూపించకపోవడం మీద వెటకారం. ఎలాన్ మస్క్ ‘మీరు కార్లు అమ్ముతారా’ అని అడిగింది ఈ వరుసలోనే. కంపెనీ దానికి ‘అమ్ముతాం, డిసెంబరు 2న మయామీలో టీ తాగడానికి రండి, చూపిస్తాం’ అన్న ధోరణిలో బదులిచ్చింది. మూడోది పూర్తిగా రాజకీయం. ఆడ, మగ తేడా లేకుండా వేసుకున్న ఆ దుస్తులను చూసి అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఒక వర్గం దీనిని ‘వోక్’ (సామాజిక న్యాయం పేరుతో అతి చేసేదన్న ఎత్తిపొడుపు) ప్రకటన అని ముద్ర వేసింది. అక్కడి సాంస్కృతిక తగవులో జాగ్వార్ ఒక సాకుగా మారింది. మోడళ్ల మీద వచ్చిన వ్యాఖ్యల్లోని నీచమైన ద్వేషాన్ని, అసహనాన్ని చూసి నిరాశ కలిగిందని జాగ్వార్ మేనేజింగ్ డైరెక్టర్ రాడన్ గ్లోవర్ అన్నది ఈ మూడో గుంపు గురించి. కానీ ఆయన మాటలు చదివిన మొదటి రెండు గుంపులవారు, మమ్మల్ని కూడా ద్వేషించేవారి జాబితాలో వేశారే అని మరింత మండిపడ్డారు. కంపెనీ చేసిన పొరపాట్లలో ఇదే పెద్దదని నా అభిప్రాయం. ప్రకటన కంటే దాని తరువాత ఇచ్చిన సంజాయిషీ ఎక్కువ మందిని దూరం చేసింది.

మన తెలుగువారి వ్యాఖ్యలు వెతికి చదివితే మూడో గుంపు చాలా పలుచగా కనబడుతుంది. ఇక్కడ మాట తిరిగినదంతా టాటాల చుట్టూనే. 2008లో ఫోర్డు దగ్గర 230 కోట్ల డాలర్లకు జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను టాటా మోటార్స్ కొన్నప్పుడు మన ఇళ్లలో కలిగిన గర్వం ఇంకా పోలేదు. అందుకే మనవాళ్ల వ్యాఖ్యల్లో తిట్టు కంటే ‘మన టాటాలు ఇలా ఎందుకు చేయనిచ్చారు’ అన్న నొచ్చుకోలు ఎక్కువ. అదే ఏడాది జనవరిలో టాటాలు నానో కారును కూడా చూపించారు. అత్యంత చవకైన కారు అన్న ముద్ర దానికి చేటు చేసిందని రతన్ టాటాయే తరువాత ఒప్పుకున్నారు. కారు ఎలా ఉందన్నదానికంటే, ఇది ఎవరి కారు అని జనం అనుకున్నారన్నది ముఖ్యం అని విద్యార్థులకు చెప్పడానికి, జాగ్వార్ కంటే నానోయే మంచి ఉదాహరణ. దాని కథ ముగిసింది కాబట్టి తీర్పు కూడా చెప్పవచ్చు.

టాటాల ఇంట్లోనే జరిగిన మరో సంగతి పక్కన పెట్టి చూడండి. 2020 అక్టోబరులో తనిష్క్ నగల ప్రకటనలో హిందూ కోడలికి ముస్లిం అత్తగారింట సీమంతం చేసినట్లు చూపించారని పెద్ద దుమారం లేచింది. సిబ్బంది భద్రతను కూడా కారణంగా చూపి కంపెనీ ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. జాగ్వార్ విషయంలో వెనక్కి తగ్గలేదు. రెండింటికీ తేడా ధైర్యం ఒక్కటే కాదు. తనిష్క్‌కు ప్రతి ఊళ్లోనూ అద్దాల తలుపుల దుకాణం ఉంది, లోపల జీతానికి పనిచేసే పిల్లలు ఉన్నారు. జాగ్వార్‌కు ఆ సమయంలో పగలగొట్టడానికి అద్దమూ లేదు, ఆపడానికి అమ్మకమూ లేదు. ఒంగోలు మిత్రుడు చెప్పిన ఖాళీ షోరూము ఒక రకంగా కంపెనీకి రక్షణ కవచం అయింది. సాహసం చేయాలంటే అంతకంటే మంచి అదను దొరకదు.

డిజైను మాట కూడా ఒకటి చెబుతాను. వీడియో నాకు నచ్చలేదు. ఆ రంగులూ ఆ నడకలూ ఏ ఫ్యాషన్ కంపెనీ ప్రకటనకైనా అతుకుతాయి, కింద పేరు మార్చితే చాలు. దేనికీ నకలు కాదని చెప్పుకునే ప్రకటనకు అది పెద్ద లోపం. కానీ డిసెంబరు 2న మయామీలో చూపించిన టైప్ 00 నమూనా కారు అలా కాదు. పొడవాటి బానెట్టు, వెనుక అద్దమే లేని తోక భాగం, ఒకటి గులాబీ రంగులో, ఒకటి నీలం రంగులో. బాగుందన్నవారూ ఉన్నారు, ఇనుప పెట్టెలా ఉందన్నవారూ ఉన్నారు, కానీ దానిని చూసి మరో కంపెనీ కారు అనుకున్నవారు లేరు. రెండు వారాలు ఆగి కారునూ వీడియోనూ కలిపి వదిలి ఉంటే రెండో గుంపు పుట్టేదే కాదు.


ప్రశ్న అడిగినవారి స్పందన
దర్గామిట్ట అధ్యాపకుడు, నెల్లూరు

అందరికీ ధన్యవాదాలు. కోపాన్ని మూడు గుంపులుగా విడగొట్టిన పద్ధతి తరగతిలో నేరుగా వాడుకుంటాను. చీమకుర్తి వారి అభ్యంతరం కూడా నాకు గట్టిగానే తోచింది. బ్రాండును మోసేవారిలో కొనలేనివారు కూడా ఉంటారన్న మాటకు ఒంగోలు వారు ఇంకా జవాబు చెప్పలేదు. బాణం గుర్తుల్లో మూడోది, అధిపతి నిష్క్రమణ సంగతి, ఎవరూ తేల్చలేదు. 2025 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కూడా ఈ ప్రకటనను దుయ్యబడుతూ, కంపెనీ సీఈఓ అవమానంతో రాజీనామా చేశాడని రాశారు. పిల్లలు దానిని ప్రమాణంగా చూపిస్తున్నారు.


సమాధానం 5
ఒంగోలు పాత కార్ల వ్యాపారి

చీమకుర్తి వారికి ముందు జవాబు. అభిమానుల మాటకు విలువ ఉందని ఒప్పుకుంటాను, కానీ ఆ విలువ ఎవరికి అందింది? నా బజారులో ఎక్స్‌ఎఫ్‌ను చూసి ముచ్చటపడి, చుట్టూ తిరిగి, ఫోటో తీసుకుని, చివరికి పక్కనున్న ఫార్చూనర్‌కు బయానా ఇచ్చి వెళ్లేవారే ఎక్కువ. ప్రపంచమంతటా జాగ్వార్‌కు జరిగింది అదే. ముచ్చట జాగ్వార్‌ది, డబ్బు మరొకరిది.

ఇక సీఈఓ విషయం. ఆడ్రియన్ మార్డెల్ ఆ సంస్థలో 35 ఏళ్లు పనిచేశారు, చివరి మూడేళ్లు అధిపతిగా ఉన్నారు. ఆయన పదవీ విరమణ కోరుకున్నారని 2025 జూలై చివరలో సంస్థ ప్రకటించింది. లోపల ఏం మాట్లాడుకున్నారో మనకు వినబడదు, కాబట్టి బయట కనబడే లెక్క చూద్దాం. 2025 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో జాగ్వార్ ల్యాండ్ రోవర్ పన్నుకు ముందు 250 కోట్ల పౌండ్ల లాభం చూపింది. అది పదేళ్లలో అత్యధికం. జాగ్వార్ అమ్మకాలు బాగా పడిపోతున్న ఏడాదిలో ఆ లాభం వచ్చింది. అది తెచ్చింది అదే సంస్థ చేసే రేంజ్ రోవర్, డిఫెండర్ కార్లు. అటువంటి అంకెలు చూపించిన మనిషిని 30 సెకన్ల వీడియో కోసం గెంటేశారని నమ్మాలంటే, వాట్సాప్ చిత్రం కంటే గట్టి ఆధారం కావాలి. ఆయన స్థానంలోకి వచ్చింది టాటా మోటార్స్ ఆర్థిక వ్యవహారాలు చూసిన పి.బి. బాలాజీ. 2025 నవంబరులో బాధ్యతలు తీసుకున్నారు. లెక్కల మనిషిని పెట్టారు కాబట్టి ప్రకటనను తప్పుపట్టినట్లే అని కొందరు అంటున్నారు. నాకు అది అతికించిన అర్థంగానే కనబడుతోంది. సుంకాల కాలంలో ఏ యజమాని అయినా లెక్కలు తెలిసినవాడినే పంపుతాడు.

మాస్టారూ, పిల్లలకు ఇచ్చే ప్రశ్నను మాత్రం కొంచెం మార్చండి. ప్రకటన వల్ల ఎంత నష్టం వచ్చిందని అడిగితే, అమ్మడానికి కారే లేని కాలంలో దానికి జవాబు దొరకదు. నాలుగు తలుపుల విద్యుత్ కారు తయారవుతోంది. ఒక్కసారి చార్జింగ్ చేస్తే 770 కిలోమీటర్ల వరకు వెళ్తుందని, ధర లక్ష పౌండ్లు దాటుతుందని చెప్పారు. లక్ష పౌండ్లు పెట్టగలిగినవాడికి బెంట్లీ, పోర్షా కూడా అందుబాటులోనే ఉంటాయి. వాటిని కాదని ఇటు రావడానికి అతనికి ఏ కారణం చూపించాలో రాయమనండి. ఆ జవాబులో గులాబీ వీడియోను ఎంతమంది వాడుకుంటారో చూసి ఇక్కడ చెప్పండి.


సమాధానం 6
చీమకుర్తి ఎగుమతులు

మంచి ప్రశ్నే, కానీ దానికి నేనూ ఒక షరతు చేరుస్తాను. జవాబు రాసేవారిలో సగంమందిని కొత్త కొనుగోలుదారుడిగా, మిగిలిన సగంమందిని నాలాంటి పాత యజమానిగా ఊహించుకుని రాయమనండి. ఫార్చూనర్‌కు బయానా ఇచ్చి వెళ్లినవాడి మాట ఒంగోలు మిత్రుడు చెప్పారు. ఎక్స్‌ఎఫ్‌ను ఇంటికి తోలుకెళ్లినవాడి మాట కూడా ఆ తరగతిలో ఎవరో ఒకరు చెప్పాలి కదా.